చౌక బ్యాటరీ, ఖరీదైన షేరు

2022 ఆగస్టులో భారత సౌర ఇంధన సంస్థ (సెకి) నిర్వహించిన భారీ బ్యాటరీ నిల్వ టెండరులో ఖరారైన ధర మెగావాట్‌కు నెలకు రూ.10.84 లక్షలు. రెండు గంటల పాటు ఒక మెగావాట్ విద్యుత్తు ఇవ్వగల బ్యాటరీని సిద్ధంగా ఉంచినందుకు నెలనెలా కట్టే అద్దె అది. 2024 నవంబరులో రాజస్థాన్ ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ పిలిచిన టెండరులో అదే అద్దె రూ.2.21 లక్షలకు దిగింది. రెండో ధర వెనుక కేంద్ర ప్రభుత్వ రాయితీ ఉన్న మాట నిజమే. రాయితీని పక్కన పెట్టి చూసినా ఇంత తక్కువ కాలంలో ఇంత లోతుకు పడిన ధర విద్యుత్ రంగంలో అరుదు. 2025లో కొన్ని టెండర్లు రూ.2 లక్షల లోపే ముగిశాయి.

ఈ అంకెలు చూసి మదుపరులు సులువుగా ఒక నిర్ణయానికి వచ్చేస్తున్నారు: బ్యాటరీల కాలం వచ్చింది కాబట్టి బ్యాటరీ కంపెనీల షేర్లు కొనాలి. మొదటి సగంలో తప్పు లేదు. రెండో సగం మాత్రం మొదటి సగం నుంచి పుట్టదు. బ్యాటరీ ధర పడిందంటే, ఆ బ్యాటరీ అమ్మేవాడి చేతికి వచ్చే సొమ్ము కూడా యూనిట్‌కు ఆ మేరకు తగ్గిందన్నమాట. గిరాకీ ఎంత పెరుగుతుందో చెప్పే నివేదికలు కుప్పలుగా వస్తున్నాయి. ఆ గిరాకీలోంచి లాభం ఎవరి జేబులో పడుతుందో చెప్పేవి తక్కువ. జీతం నుంచి నెలకు కొంత తీసి ఫోనులో షేర్లు కొంటున్న లక్షల మందికి అవసరమైంది ఈ రెండో లెక్కే.

ధర ఇంతగా పడడానికి విజ్ఞానం సాధించిన ప్రగతి ఒక్కటే కారణమనుకుంటే సగం కథే తెలిసినట్టు. 2022 నవంబరు ప్రాంతంలో చైనాలో బ్యాటరీల ముడిసరుకైన లిథియం కార్బనేట్ టన్ను దాదాపు 6 లక్షల యువాన్లు పలికింది. 2024 చివరికి 80 వేల యువాన్ల లోపు దొరికింది. గుంటూరు యార్డులో మిర్చికి మంచి ధర పలికిన మరుసటి ఏడాది అందరూ మిర్చే వేస్తే ఏమవుతుందో రైతుకు చెప్పనక్కర్లేదు. లిథియం గనుల్లోనూ, బ్యాటరీలోని మూల విభాగమైన సెల్‌లను చేసే చైనా కర్మాగారాల్లోనూ జరిగింది అదే. అవసరానికి మించి కర్మాగారాలు లేచాయి, అవి ఖాళీగా ఉండకూడదని ధర తగ్గించుకుంటూ పోయాయి. మనకు చౌకగా కనిపిస్తున్న బ్యాటరీలో కొంత భాగం అక్కడి వాటాదారులు భరించిన నష్టం.

ఒక యూనిట్ లెక్క

బ్యాటరీ ధర ఎంత అని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. సెల్ ధర ఒకటి. సెల్‌లను పేర్చి, చల్లబరిచే ఏర్పాటు, నిఘా ఎలక్ట్రానిక్స్ జతచేస్తే ప్యాక్ ధర. దానికి కంటెయినరు, ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మరు, అగ్నిమాపక పరికరాలు, పునాదులు, గ్రిడ్‌కు కలిపే లైను తోడైతే మొత్తం వ్యవస్థ ధర. ఆఖరిది, సాయంత్రం ఏడు గంటలకు ఆ బ్యాటరీ నుంచి బయటికొచ్చే యూనిట్ ధర. వార్తల్లో కనిపించేవి ఎక్కువగా మొదటి రెండు. విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) బిల్లు కట్టేది చివరిదానికి.

ఇంధన పరిశోధన సంస్థ బ్లూమ్‌బర్గ్ ఎన్ఈఎఫ్ ఏటా చేసే సర్వే ప్రకారం ప్యాక్ సగటు ధర 2024లో కిలోవాట్ అవర్‌కు (ఒక యూనిట్ నిల్వకు) 115 డాలర్లు, అంటే అప్పటి మారకంలో దాదాపు రూ.9,700. 2010 ప్రాంతంలో అది వెయ్యి డాలర్ల పైమాటే. ఈ ప్రయాణం ఒకే దిశలో సాగలేదు. లిథియం మండిపోయిన 2022లో ప్యాక్ ధర పెరిగింది కూడా. గ్రిడ్ నిల్వలో పతనం ఇంకా లోతుగా ఉంది. 2024 డిసెంబరులో చైనాలో 16 గిగావాట్ అవర్‌లకు (గిగావాట్ అవర్ అంటే పది లక్షల యూనిట్లు) పిలిచిన ఒక భారీ టెండరులో మొత్తం వ్యవస్థకే సగటు కొటేషన్ కిలోవాట్ అవర్‌కు 66 డాలర్ల దగ్గర నిలిచింది. సర్వేలోని సగటు ప్యాక్ ధర కంటే అక్కడ పూర్తి వ్యవస్థ ధరే తక్కువ.

ఇప్పుడు మన టెండరుకు వద్దాం. ఒక మెగావాట్, రెండు గంటల బ్యాటరీ అంటే 2,000 యూనిట్ల నిల్వ. రోజుకు ఒకసారి నింపి ఖాళీ చేస్తే 30 రోజులకు 60,000 యూనిట్లు. నెల అద్దె రూ.10.84 లక్షలైతే యూనిట్‌కు నిల్వ ఖర్చు సుమారు రూ.18. రూ.2.21 లక్షలైతే రూ.3.68. రోజుకు రెండుసార్లు వాడగలిగితే ఈ ఖర్చులు సగమై రూ.9.03, రూ.1.84 అవుతాయి. నిల్వ చేసిన విద్యుత్తు అంతా తిరిగి రాదు. వంద యూనిట్లు నింపితే 85 వరకు బయటికొస్తాయనుకుంటే, రూ.2.50కి కొన్న సౌర విద్యుత్తు అసలు ఖర్చు రూ.2.94కి చేరుతుంది. అన్నీ కలిపితే రోజుకు ఒక్కసారి వాడకంలో సాయంత్రపు యూనిట్ రూ.6.62కు, రెండుసార్ల వాడకంలో రూ.4.78కి పడుతుంది.

రెండో అంకె వినడానికి బాగుంటుంది కానీ దాన్ని అందుకోవడం తేలిక పని కాదు. పగటి ఎండతో ఒకసారి నింపవచ్చు. రెండోసారి నింపడానికి అర్ధరాత్రి దాటాక దొరికే విద్యుత్తు కావాలి, అది రూ.2.50కి దొరకదు. కాబట్టి నిజమైన ధర ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. అలా చూసినా, విద్యుత్ ఎక్స్ఛేంజీలో సాయంత్రపు ధర తరచూ రూ.10 గరిష్ఠ పరిమితిని తాకుతున్న వేళ డిస్కంకు ఇది మంచి బేరమే. 2022 నాటి అద్దెకు సౌర విద్యుత్తును రాత్రికి మళ్లించడం ఖరీదైన ప్రయోగంగానే మిగిలేది. ఇప్పటి అద్దెకు అది రోజువారీ వ్యాపారం.

మదుపరి ఆగి చూడవలసింది ఇదే లెక్కలోని మరో కోణాన్ని. ఇలాంటి ఒప్పందాలు సాధారణంగా 12 నుంచి 15 ఏళ్ల పాటు ఉంటాయి. రోజుకు రెండుసార్ల చొప్పున 12 ఏళ్లు నడిస్తే 8,760 ఆవర్తనాలు (నింపి ఖాళీ చేసే చక్రాలు). నిల్వ కేంద్రాల్లో ఎక్కువగా వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్ఎఫ్‌పీ) సెల్‌లలో చాలావాటి ఆయుష్షును 6,000 ఆవర్తనాల చుట్టూ లెక్కిస్తారు. అంతకంటే ఎక్కువ కాలం నిలిచే సెల్‌లూ వస్తున్నాయి, వాటి హామీని పదేళ్లు వాడి చూసినవారు ఇంకా లేరు. సామర్థ్యం తగ్గేకొద్దీ మధ్యలో కొత్త సెల్‌లు చేర్చాలి. అప్పటికి సెల్‌లు ఇంకా చౌక అవుతాయన్న నమ్మకంతోనే ఈరోజు తక్కువ ధర కోట్ చేస్తున్నారు. అంటే రూ.2.21 లక్షల్లో కొంత ఈనాటి ధర, కొంత రేపటి ధర మీద పందెం. లిథియం 2022లో లాగా మరోసారి ఎగబాకితే ఆ పందెం కాసినవారి బ్యాలెన్స్ షీట్ మీదే భారం పడుతుంది.

రాయితీ పాత్రనూ విడదీసి చూడాలి. 2025 జూన్‌లో కేంద్రం ప్రకటించిన రెండో విడత పథకంలో 30 గిగావాట్ అవర్‌ల నిల్వకు మెగావాట్ అవర్‌కు (వెయ్యి యూనిట్లకు) రూ.18 లక్షల చొప్పున సాయం ఉంది. రెండు గంటల బ్యాటరీకి ఇది మెగావాట్‌కు రూ.36 లక్షలు. వడ్డీ లెక్కలు వదిలేసి 12 ఏళ్లకు పంచితే నెలకు రూ.25 వేలు. చిన్న మొత్తమేమీ కాదు, అలాగని ధర పతనాన్నంతా ఇదే తెచ్చిందనడానికీ లేదు. అసలు పతనం సెల్ దగ్గర జరిగింది.

టెక్నాలజీ నెగ్గింది, వాటాదారు ఓడాడు

ఆ సెల్ చరిత్రలో మదుపరికి పనికొచ్చే పాఠం ఒకటి ఉంది. ఎల్ఎఫ్‌పీ రసాయనాన్ని బ్యాటరీకి పనికొచ్చే పదార్థంగా గుర్తించింది టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ ప్రయోగశాల. 1997లో వెలువడిన ఆ పరిశోధన పత్రంలో మొదటి పేరు అక్షయ పాధిది. సహరచయితల్లో నంజుండస్వామి ఉన్నారు. ఇనుము, ఫాస్ఫేటు చౌకగా దొరికేవి, కోబాల్ట్ అవసరం లేదు, మంటలంటుకునే ప్రమాదం తక్కువ. ఉన్న లోపమల్లా విద్యుత్తు బాగా ప్రవహించకపోవడం, బరువుకు తగ్గంత శక్తి పట్టకపోవడం.

మొదటి లోపాన్ని దాటడానికి అమెరికాలో 2001లో ఏ123 సిస్టమ్స్ పుట్టింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు యెట్ మింగ్ చియాంగ్ వ్యవస్థాపకుల్లో ఒకరు. పదార్థాన్ని అతి సూక్ష్మ కణాలుగా మార్చి, వేగంగా చార్జయ్యే బ్యాటరీలు చేశారు. 2009 సెప్టెంబరులో ఒక్కో షేరును 13.50 డాలర్లకు అమ్మి ఐపీఓకు వస్తే మొదటి రోజే ధర దాదాపు 50 శాతం పెరిగింది. అమెరికా ఇంధన శాఖ 24.9 కోట్ల డాలర్ల గ్రాంటు ప్రకటించింది. శాస్త్రజ్ఞులు, సర్కారు, మార్కెట్టు, ముగ్గురూ ఒకే వైపు నిలబడిన సందర్భం అది.

కుప్పకూలడానికి మూడేళ్లు పట్టింది. మిషిగన్ రాష్ట్రం లివోనియాలోని కర్మాగారంలో ఒక వెల్డింగ్ యంత్రం సర్దుబాటు సరిగా లేక కొన్ని సెల్‌లలో భాగాలు పక్కకు జరిగాయి. ఆ లోపం ఫిస్కర్ అనే కంపెనీ కార్లలోకి వెళ్లాక బయటపడింది. 2012 మార్చిలో వాటిని మార్చి ఇవ్వడానికి 5.5 కోట్ల డాలర్ల ఖర్చు ప్రకటించారు. ఫిస్కర్ అమ్మకాలు అప్పటికే నత్తనడకన ఉన్నాయి, మిగతా కార్ల కంపెనీల ఆర్డర్లు అనుకున్నంత రాలేదు, కట్టిన కర్మాగారాలు ఖాళీగా నిలిచాయి. అక్టోబరులో దివాలా పిటిషన్ పడింది. ఆస్తుల్లో అత్యధిక భాగాన్ని చైనా ఆటోమొబైల్ విడిభాగాల సంస్థ వాన్‌షియాంగ్ 25.66 కోట్ల డాలర్లకు వేలంలో దక్కించుకుంది.

ఎల్ఎఫ్‌పీ ఓడిందా అంటే, ఓడలేదు. షెన్‌జెన్ నగరం 2017 చివరికల్లా పదహారు వేలకు పైగా సిటీ బస్సులను విద్యుత్తుకు మార్చింది. వాటిలో ఎక్కువ ఈ రసాయనంతోనే నడిచాయి. 2020లో చైనా కార్ల సంస్థ బీవైడీ ఇదే రసాయనంతో బ్లేడ్ బ్యాటరీ తెచ్చింది. అదే ఏడాది టెస్లా చైనాలో తయారయ్యే కార్లలో ఎల్ఎఫ్‌పీ పెట్టింది. 2024 నాటికి ప్రపంచ విద్యుత్ వాహనాల బ్యాటరీ మార్కెట్లో దాదాపు సగం దీనిదే. గ్రిడ్ నిల్వలో ఆధిపత్యం దీనిదే. 2009లో ఏ123 షేరు కొన్న వ్యక్తి టెక్నాలజీ విషయంలో వేసిన అంచనా అక్షరాలా నిజమైంది. పెట్టిన డబ్బు మాత్రం పోయింది. ఏ రసాయనం గెలుస్తుందన్న ప్రశ్న చుట్టూ నడిచే చర్చలన్నిటికీ ఈ ఒక్క ఉదాహరణను ఎదురు పెట్టి చూడాలి.

సెల్ తయారు చేయడం ఎందుకంత కష్టమో నార్త్‌వోల్ట్ మరింత ఖరీదుగా చూపించింది. స్వీడన్‌లో 2016లో టెస్లా మాజీ అధికారి పీటర్ కార్ల్‌సన్ తదితరులు మొదలుపెట్టిన ఈ కంపెనీ అప్పులు, వాటాలు కలిపి 1,500 కోట్ల డాలర్ల వరకు సమీకరించింది. చేతిలో 5,000 కోట్ల డాలర్లకు పైబడిన ఆర్డర్లు ఉన్నాయని చెప్పుకొంది. ఫోక్స్‌వాగన్, గోల్డ్‌మన్ శాక్స్ వంటి పేర్లు వెనుక ఉన్నాయి. ఉత్తర స్వీడన్‌లోని షెలెఫ్టియో కర్మాగారం 2023లో తయారు చేసింది అనుకున్న వార్షిక సామర్థ్యంలో ఒక శాతం కూడా లేదు. 2024 జూన్‌లో బీఎండబ్ల్యూ 200 కోట్ల యూరోల ఆర్డరు రద్దు చేసుకుంది. నవంబరులో అప్పులవాళ్ల నుంచి అమెరికా కోర్టులో రక్షణ కోరిన రోజున కంపెనీ దగ్గర వాడుకోగల నగదు 3 కోట్ల డాలర్లు, అప్పులు 580 కోట్ల డాలర్లు. 2025 మార్చిలో స్వీడన్‌లో దివాలా తీసింది.

షెలెఫ్టియోలో డబ్బుకూ ఆర్డర్లకూ కొదవ లేదు. చాలినన్ని మంచి సెల్‌లే బయటికి రాలేదు. ఒక సెల్ ఎలా పుడుతుందో చూస్తే దీని బరువు తెలుస్తుంది. రాగి, అల్యూమినియం రేకుల మీద రసాయన ముద్దను మైక్రాన్ల మందంతో, మీటర్ల కొద్దీ పొడవున, అంతటా ఒకే మందంగా పూయాలి. తడి ఆరాక రోలర్ల మధ్య నొక్కాలి. కోసి, చుట్టి లేదా పేర్చి, ద్రవం నింపాలి. ఈ పనుల్లో కొన్ని జరిగే గదుల్లో గాలిలో తేమ ఒక శాతం కంటే తక్కువ ఉండాలి. మనుషుల ఊపిరిలోని తేమను కూడా యంత్రాలు లాగేస్తుంటాయి. తర్వాత సెల్‌ను మొదటిసారి నెమ్మదిగా చార్జి చేసి, రోజుల తరబడి నిల్వ ఉంచి, లోపాలున్న వాటిని ఏరివేయాలి. వందలో 95 బాగుంటే లాభం, 70 బాగుంటే నష్టం. చెడిపోయిన ప్రతి సెల్‌లోనూ ఖరీదైన ముడిసరుకు ఉంటుంది కాబట్టి ఉత్పత్తి పెంచినకొద్దీ నష్టమూ పెరుగుతుంది. ఈ నేర్పు పుస్తకాల్లో, పేటెంట్లలో ఉండదు, యంత్రం దగ్గర ఏళ్ల తరబడి నిలబడిన మనుషుల్లో ఉంటుంది. చైనా, కొరియా, జపాన్‌ల పట్టు అక్కడే.

కదిలే లక్ష్యం

కొత్త రసాయనాల కంపెనీలకు ఎదురయ్యే ఇబ్బంది మరో రకం. పిట్స్‌బర్గ్‌లో ఉప్పునీటి బ్యాటరీ చేసిన అక్వియన్ ఎనర్జీలో బిల్ గేట్స్ పెట్టుబడి ఉంది. 2017 మార్చిలో దివాలా. ద్రవ లోహాల బ్యాటరీతో వచ్చిన ఆంబ్రిలో 2021లో గేట్స్, జాన్ పాల్సన్‌లతో పాటు మన రిలయన్స్ కూడా 5 కోట్ల డాలర్లు పెట్టింది; 2024లో అదీ దివాలా కోర్టుకు వెళ్లింది. సోడియం అయాన్ బ్యాటరీల నాట్రాన్ 2024లో నార్త్ కరొలినాలో 140 కోట్ల డాలర్ల కర్మాగారం కడతామని ప్రకటించి, ఏడాది తిరగగానే 2025 సెప్టెంబరులో మూతపడింది.

వీళ్ల రసాయనాలు పనిచేయలేదనడానికి లేదు. ప్రయోగశాలలో పనిచేశాయి, కొన్నిచోట్ల గ్రిడ్‌కూ పనిచేశాయి. మొదలుపెట్టిన రోజున లిథియం ధరతో పోల్చి తమది చౌక అని లెక్క వేసుకున్నారు. కర్మాగారం కట్టి సరుకు తెచ్చే ఐదేడేళ్లలో లిథియం సగానికి, పావుకు పడిపోయింది. కొత్త బ్యాటరీ కంపెనీ పోటీ పడవలసింది తన సరుకు మార్కెట్లోకి వచ్చే ఏడాది ఉండబోయే లిథియం ధరతో. పెట్టుబడిదారులకు చూపించే పత్రాల్లో ఈ అంచనా ఎంత నిక్కచ్చిగా ఉందో చూస్తే చాలు, సగం కంపెనీలు అక్కడే తేలిపోతాయి. సోడియం అయాన్‌కు భవిష్యత్తు ఉండవచ్చు. 2025లో చైనా బ్యాటరీ దిగ్గజం సీఏటీఎల్ నాక్స్‌ట్రా పేరుతో దాన్ని ప్రకటించింది కూడా. అంటే సోడియం గెలిచినా ఆ గెలుపు లిథియం దిగ్గజాల కర్మాగారాల్లోనే జరిగే అవకాశం ఎక్కువ.

ఘనస్థితి బ్యాటరీల (లోపల ద్రవం బదులు ఘనపదార్థం వాడేవి) క్వాంటమ్‌స్కేప్ షేరు 2020 డిసెంబరులో 130 డాలర్లు దాటింది. అప్పటికి కంపెనీకి ఒక్క డాలరు అమ్మకం లేదు, అయినా మార్కెట్ విలువ ఫోర్డ్‌ను మించింది. 2024 చివరికి షేరు 5 డాలర్ల దరిదాపుల్లో ఉంది. ఆ కంపెనీ పరిశోధన ముందుకే సాగింది. అయినా శిఖరం దగ్గర కొన్నవారికి ఆ ప్రగతి ఎందుకూ కొరగాలేదు, ఎందుకంటే వాళ్లు కట్టిన ధరలో ఇరవై ఏళ్ల విజయం ముందే కలిసిపోయి ఉంది.

మరి ఎవరూ సంపాదించడం లేదా అంటే, సీఏటీఎల్ సంపాదిస్తోంది. 2024లో దాని ఆదాయం 9.7 శాతం తగ్గి 36,200 కోట్ల యువాన్లకు చేరింది, నికర లాభం మాత్రం 15 శాతం పెరిగి 5,070 కోట్ల యువాన్లు దాటింది. అమ్మకపు ధరలు పడిపోతున్న ఏడాదిలో లాభం పెంచుకోగలిగిందంటే, ముడిసరుకు చౌకైన మేరకు మొత్తాన్నీ కొనుగోలుదారుకు వదిలేయలేదని అర్థం. ప్రపంచ విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో మూడో వంతుకు పైగా వాటా, గనుల్లో పెట్టుబడులు, తక్కువ వృథా, బేరమాడే శక్తి, ఇవన్నీ కలిస్తేనే అది సాధ్యమైంది. రెండో వరుసలో ఉన్న కంపెనీలకు ఆ వెసులుబాటు లేదు. సౌర ఫలకాల రంగంలో ఒకప్పుడు ప్రపంచ అగ్రస్థానంలో ఉన్న సన్‌టెక్ ప్రధాన అనుబంధ సంస్థే 2013లో దివాలా తీసిందని గుర్తుంచుకుంటే, అగ్రస్థానం కూడా శాశ్వత హామీ ఇవ్వదని తెలుస్తుంది.

తయారీ వద్దు, బ్యాటరీలు కొని గ్రిడ్‌లో నడిపేవారి వాటాలు కొందామనుకునేవారూ ఉన్నారు. లండన్‌లో 2018లో నమోదైన గ్రెషమ్ హౌస్ ఎనర్జీ స్టోరేజ్ ఫండ్ ఆ దారిలోనే వచ్చింది. చౌకగా ఉన్నప్పుడు నింపి ఖరీదైనప్పుడు అమ్మడం, గ్రిడ్ ఫ్రీక్వెన్సీని నిలబెట్టే సేవలు అందించడం దాని వ్యాపారం. కొన్నాళ్లు బాగా గడిచింది. ఆ లాభం చూసి మరిన్ని బ్యాటరీలు గ్రిడ్‌లోకి వచ్చాయి, సేవల ధరలు పడిపోయాయి, 2024 ఫిబ్రవరిలో ఫండ్ డివిడెండ్ ఆపేసింది. టెక్సాస్‌లోనూ 2023తో పోలిస్తే 2024లో నిల్వ కేంద్రాల ఆదాయం భారీగా పడిపోయింది. పగటి ధరకూ రాత్రి ధరకూ ఉన్న తేడాయే ఈ వ్యాపారానికి ప్రాణం. గ్రిడ్‌లో చేరే ప్రతి కొత్త బ్యాటరీ ఆ తేడాను కొంత చెరిపేస్తుంది. సమాజానికి ఇది మంచి వార్త, ముందే కట్టినవారికి నష్టం.

మన దేశంలో అద్దె స్థిరంగా ఉంటుంది కాబట్టి ఆ ప్రమాదం తక్కువ. ఇక్కడ ముప్పు వేరే చోట పొంచి ఉంది: పోటీలో అతి తక్కువకు కోట్ చేసి తర్వాత కట్టలేకపోవడం, డిస్కంల నుంచి డబ్బు ఆలస్యంగా రావడం, సెల్‌లన్నిటికీ చైనాపై ఆధారపడడం. ఇంతకు ముందు ఒక్క నిల్వ కేంద్రమూ కట్టని సంస్థలు వందల మెగావాట్లు గెలుచుకుంటున్నప్పుడు ఆ టెండరు ధరను రంగం ఆరోగ్యానికి కొలమానంగా తీసుకోవడం తొందరపాటు.

తెలుగు నేల మీద

ఈ లెక్కలన్నీ తెలుగు మదుపరికి దూరపు సంగతులు కావు. 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర స్థాపించిన అమరరాజా 2023లో తన పేరును అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుంది. మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో పదేళ్లలో రూ.9,500 కోట్లతో 16 గిగావాట్ అవర్‌ల సెల్ కర్మాగారం కడతామని 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2024లో చైనా సంస్థ గోషన్‌కు చెందిన ఉమ్మడి సంస్థ నుంచి ఎల్ఎఫ్‌పీ సాంకేతికత లైసెన్సు తీసుకుంది. పేరు మారినా కంపెనీ ఆదాయంలో అత్యధిక భాగం ఇప్పటికీ కార్లు, బైకులు, ఇన్వర్టర్లకు వాడే సీసపు బ్యాటరీలదే. షేరు కొనేవారు నిజానికి రెండు వ్యాపారాలు కొంటున్నారు: నెమ్మదిగా పెరుగుతూ డబ్బు తెచ్చే పాత వ్యాపారం, ఆ డబ్బును ఏళ్ల పాటు తినబోయే కొత్త వ్యాపారం. ఇది బలహీనత అనలేం. ఏ123కూ నార్త్‌వోల్ట్‌కూ లేని ఆసరా అది. మొదటి కొన్నేళ్ల వృథాను భరించడానికి వెనుక స్థిరమైన రాబడి ఉన్న కంపెనీకీ, అప్పు తప్ప మరేమీ లేని కంపెనీకీ చాలా తేడా ఉంటుంది.

హైదరాబాద్‌కు చెందిన హెచ్‌బీఎల్ కథ ఇంకో రకం. 1977లో మొదలై విమానాలు, జలాంతర్గాములు, టార్పెడోలకు పనికొచ్చే ప్రత్యేక బ్యాటరీలు చేస్తూ వచ్చింది. లిథియం పోటీలో భారీ కర్మాగారాల జోలికి పోలేదు. ఇటీవలి ఏళ్లలో దాని షేరును పైకి తీసుకెళ్లింది రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థ ఆర్డర్లు. 2024లో పేరులోంచి ‘పవర్ సిస్టమ్స్’ తీసేసి ఇంజినీరింగ్ అని పెట్టుకుంది. బ్యాటరీ కంపెనీ అనుకుని కొన్నవారికి లాభం రైల్వే సిగ్నళ్ల నుంచి వచ్చింది. కంపెనీ ఏ ముద్రతో తిరుగుతోందన్నదాని కంటే, వార్షిక నివేదికలో విభాగాల వారీ ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందన్నది చదవడం ఎంత అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్యాటరీకి మన దగ్గర పాత పోటీదారు కూడా ఉంది. నాగార్జునసాగర్, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రాల్లో నీటిని తిరిగి పైకి ఎత్తిపోయగల టర్బైన్లు దశాబ్దాల క్రితమే పెట్టారు. హైదరాబాద్ సంస్థ గ్రీన్‌కో ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురంలో చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు ఆ ఆలోచనకే కొత్త రూపం. ఆరు గంటల పాటు నడిచే నిల్వకు, నలభై యాభై ఏళ్ల మన్నికకు నీరు ఇప్పటికీ గట్టి జవాబు. అయితే ఇలాంటి ప్రాజెక్టుకు అనుమతులు, సొరంగాలు, జలాశయాలతో ఏళ్లు పడుతుంది, బ్యాటరీ కంటెయినర్లు ఏడాదిన్నరలో దిగిపోతాయి. ఆ ఏళ్లలో బ్యాటరీ ధర మరో మెట్టు దిగితే, ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు వేసిన లెక్క తారుమారవుతుంది. అక్వియన్, ఆంబ్రిలను వేధించిన కదిలే లక్ష్యమే ఇక్కడ కొండల మధ్య కాంక్రీటు పోస్తున్నవారి ముందూ ఉంది.

సెల్‌ల తయారీకి కేంద్రం 2021లో రూ.18,100 కోట్ల ప్రోత్సాహక పథకం ప్రకటించింది, లక్ష్యం 50 గిగావాట్ అవర్‌లు. ఎంపికైన సంస్థలు మొదట అనుకున్న గడువులను అందుకోలేకపోయాయి. యంత్రాలు చైనావి, వాటిని నిలబెట్టే సాంకేతిక నిపుణులూ అక్కడివారే. 2025 జూలైలో చైనా బ్యాటరీ కాథోడ్ (ధన ధ్రువం) పదార్థాల తయారీ సాంకేతికతను ఎగుమతి ఆంక్షల జాబితాలో చేర్చింది, అందులో ఎల్ఎఫ్‌పీ కూడా ఉంది. లైసెన్సు కాగితం చేతిలో ఉన్నా దాని వెనుక ఉన్న పనితనం ఎంతవరకు దాటి వస్తుందో అక్కడి ప్రభుత్వం చేతిలోనూ ఉందన్నమాట.

అందుకే దివిటిపల్లి వంటి కర్మాగారం గురించి మదుపరి ప్రతి త్రైమాసికంలో వెతకవలసిన అంకెలు గిగావాట్ అవర్‌ల ప్రకటనల్లో దొరకవు. తయారైన సెల్‌లలో ఎన్ని కొనుగోలుదారు పరీక్షలు దాటాయి, వాటి ధర చెన్నై రేవులో దిగే చైనా సెల్ ధర కంటే ఎంత ఎక్కువ, ఆ తేడాను దిగుమతి సుంకం, దేశీయ సెల్‌లే వాడాలన్న నిబంధన కలిసి ఎన్నేళ్లు మోయగలవు, ఆలోపు పాత సీసపు బ్యాటరీల లాభంలో ఎంత భాగం ఇటు మళ్లుతోంది అన్నవే ఆ అంకెలు. వీటిలో మొదటిదాన్ని కంపెనీలు చాలావరకు వెల్లడించవు. వాటాదారుల సమావేశంలో నేరుగా అడగవలసిన ప్రశ్న అది.